గీత మీద మెట్లు: మౌంటెన్ వ్యూ కబుర్లు

రథం ముందుకి దూసుకుపోతుంటే చక్రాలు వెనక్కి తిరగడం మీరెప్పుడైనా గమనించారా? పౌరాణికాల్లోనూ, జానపదాల్లో గుర్రబ్బండి వచ్చినప్పుడూ కనిపించే వింత అది. చిన్నప్పుడు నేల టిక్కెట్టులో కూచుని, "ఒరేయ్, రథానికి రివర్సు గేరు పడిందిరోయ్!" అని అరిచి చుట్టుపక్కల వాళ్ళ చేత తిట్లు తిన్నవాణ్ణి నేను. అది ఎందుకలా కనిపిస్తుందో తెలియడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. తెలిసిందైనా ఏ స్టూడియో ఫ్లోరు మీదో కాదు. కాలిఫోర్నియాలో, మౌంటెన్ వ్యూ అనే ఊళ్ళో, ఒక మ్యూజియం బయట బెంచీ మీద!

2024 ఏప్రిల్‌లో చుట్టాలింట పెళ్ళికని శాన్‌హోసే వెళ్ళాను. పెళ్ళి సంగతి వదిలెయ్యండి, పెళ్ళిళ్ళన్నీ ఒకలాంటివే. మా మేనల్లుడు అక్కడికి దగ్గర్లోనే సన్నీవేల్‌లో ఉంటాడు. తొమ్మిదేళ్ళుగా వీడియో గేములు తయారుచేసే కంపెనీలో పని. నేను బయల్దేరే ముందు మా అక్కయ్య ఒక పని అప్పగించింది.

"ఒరేయ్ తమ్ముడూ, వాడు అసలు చేసే పనేమిటో కాస్త కనుక్కుని రారా. ఎవరైనా అడిగితే చెప్పలేక ఛస్తున్నాను. 'బొమ్మల అంచులు నున్నగా చేస్తాను' అంటాడు. అదీ ఒక ఉద్యోగమేనా అని నవ్వుతున్నారు జనం."

నాకూ ఆ అనుమానం లేకపోలేదు. సినిమా పత్రికకి రాసేవాడికి వీడియో గేమంటే కాస్త చిన్నచూపే. వాటిలో హీరో ఉంటాడు గానీ నటన ఉండదు కదా అని!

సన్నీవేల్‌లో ఎల్ కామినో రోడ్డు మీద నడిస్తే దోసెల వాసన, తెలుగు మాట రెండూ తగులుతూనే ఉంటాయి. ఆ శనివారం పొద్దున్న మావాడి ఇంట్లో ఉప్మా తిని బయల్దేరాం. కారెక్కాక గానీ వాడు అసలు సంగతి బయటపెట్టలేదు. మార్చిలోనే ఉద్యోగం పోయిందట. వాడొక్కడిదే కాదు, జట్టు మొత్తాన్నీ ఒకేరోజు ఇంటికి పంపేశారట. (ఆ కంపెనీ పేరు మనకెందుకు లెండి.) హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజులు గడువు. ఆలోగా మరో కంపెనీ వీడి కోసం దరఖాస్తు పెట్టాలి. లేదా ఇంకో దారి చూసుకోవాలి. అదీ లేకపోతే పెట్టే బేడా సర్దుకోవాలి. వీడికి ఇంకా 24 రోజులున్నాయి.

"అమ్మకి తెలుసా?" అన్నాను.

"చెప్పలేదు. నువ్వూ చెప్పకు మావయ్యా."

ఏమనాలో తోచక కిటికీలోంచి చూస్తూ కూచున్నాను. ఎదురుగా హైవే మీద నడిచిపోయేవాళ్ళ కోసం కట్టిన వంతెన. రెండు పక్కలా జాలీ కంచె. కారు దగ్గరికి వెళ్ళేకొద్దీ, ఆ రెండు జాలీలూ ఒకదాని వెనక ఒకటి జరిగి, లేని చారలు లేచాయి. నీళ్ళలో అలల్లాగా పెద్దవై, చిన్నవై, గిరగిరా తిరిగి మాయమైపోయాయి. కంచె కదల్లేదు, చారలు మాత్రం నాట్యం చేశాయి.

"అదుగో! తొమ్మిదేళ్ళుగా నాకు విలన్ అదే మావయ్యా," అన్నాడు వాడు. ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

వాడు నన్ను తీసుకెళ్ళింది కంప్యూటర్ హిస్టరీ మ్యూజియానికి. షోర్‌లైన్ బులవార్డు మీద, గూగుల్ వాళ్ళ ఆఫీసులకి పక్కనే ఉంటుంది. పెద్ద అద్దాల భవనం. లోపలికి వెళ్ళబోతుంటే మావాడు ఆగి, గోడని తట్టి, "ఇది ఎవరి ఇల్లో తెలుసా?" అన్నాడు, మనం పాత నటుల బంగళా ముందు ఆగి అన్నట్టు. 1990లలో ఈ భవనం సిలికాన్ గ్రాఫిక్స్ అనే కంపెనీది. అప్పట్లో సినిమావాళ్ళకి ఆ పేరు అద్భుతదీపం లాంటిది. 1993లో వచ్చిన 'జురాసిక్ పార్క్'లో కంప్యూటర్ రాకాసిబల్లులు ప్రాణం పోసుకున్నది ఆ కంపెనీ యంత్రాల మీదే. ఇప్పుడు గూగుల్ కాపురముంటున్న పెద్ద ప్రాంగణం కూడా మొదట వీళ్ళు కట్టుకున్నదే. 2009లో దివాలా తీసింది. మ్యూజియం 2003 నుంచి ఇక్కడ నడుస్తోంది.

లోపల ముందుగా చూసింది పీడీపీ-1. బీరువాలంత కంప్యూటర్. 1962లో ఎమ్.ఐ.టి.లో స్టీవ్ రస్సెల్, ఆయన స్నేహితులూ కలిసి ఇలాంటి యంత్రం మీదే 'స్పేస్‌వార్' అనే ఆట తయారుచేశారు. మ్యూజియం వాళ్ళు తమ దగ్గరున్న యంత్రాన్ని బాగుచేసి మళ్ళీ ప్రాణం పోశారు. గుండ్రటి తెర మీద రెండు చిన్న ఓడలు, మధ్యలో వాటిని లాగేసే నక్షత్రం. చుక్క పడినచోట నీలంగా మెరిసి, ఆ వెలుగు ఆకుపచ్చగా మారుతూ మెల్లగా ఆరిపోతుంది. ఎంత అందంగా ఉందంటే, పక్కనున్న పిల్లాడు ఫోను పక్కనపెట్టి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఆ చుక్కకి అంచు ఉందా మావయ్యా? లేదు. దానంతట అదే కరిగిపోతోంది. ఇక్కడ నాలాంటి వాడి అవసరమే లేదు," అన్నాడు మావాడు.

తరవాత 'పాంగ్'. 1972లో సన్నీవేల్‌లోనే ఒక సారా దుకాణంలో పెట్టిన తొలి నమూనా ఇక్కడుంది. తెరకి అటొక పట్టీ, ఇటొక పట్టీ, మధ్యన బంతి. ఆ బంతి కూడా గుండ్రంగా ఉండదు, చదరమే! అన్నీ నిలువు, అడ్డం. ఏటవాలు గీత ఒక్కటి కూడా లేదు. కాబట్టి ఇక్కడా మావాడికి పనిలేదు.

పని ఎక్కడ మొదలయిందో ఇంకాస్త ముందుకెళ్ళాక చూపించాడు. గాజు పెట్టెలో తెల్లటి టీ కూజా! యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ న్యూవెల్ అనే ఆయన 1975లో ఇంట్లోని టీ కూజా కొలతలు తీసి కంప్యూటర్‌కి ఎక్కించారు. అప్పటినుంచి బొమ్మల కంప్యూటర్ నేర్చుకునే ప్రతివాడూ ఆ కూజానే గీస్తాడు. మన సంగీతం పాఠాల్లో సరళీ వరసల్లాగా అన్నమాట. కూజా అంటే అన్నీ వంపులే కదా. తెరేమో గళ్ళ కాగితం. ఒక్కో గడిలో ఒక్కటే రంగు వెయ్యాలి. వంపుని గళ్ళలో ఇరికిస్తే ఏమవుతుంది?

"మెట్లు," అన్నాను.

"అదే! అమ్మ ఉప్పాడ చీరమీద మామిడిపిందె చూశావా? దూరం నుంచి నున్నటి వంపు. కొంగు పట్టుకుని దగ్గరగా చూస్తే మెట్లు మెట్లుగా ఉంటుంది. దారం నిలువుగానో అడ్డంగానో పోతుంది గానీ వంకరగా పోదుగా! అదే పోచంపల్లి చీరలో చూడు, అంచులు మసకగా ఉంటాయి. నేసేముందే దారానికి రంగు అద్దుతారు, నేసేటప్పుడు అటూ ఇటూ కాస్త జరుగుతుంది. ఎరుపుకీ తెలుపుకీ మధ్య ఇంకో రంగు పుడుతుంది. మేం చేసేదీ అంతే. గీత ఒక గడిలో మూడోవంతే ఆక్రమిస్తే, ఆ గడికి మూడోవంతు రంగే వేస్తాం. మెట్టు కరిగిపోతుంది."

అదే యూటాలో చదివిన ఫ్రాంక్ క్రో అనే ఆయన ఈ మెట్ల జబ్బు గురించి 1977లో వ్యాసం రాశారు. దీనికి ఇంగ్లీషులో పెట్టిన పేరు 'అలియాసింగ్'. మన పేపర్లలో 'ఫలానా రాజు అలియాస్ బ్లేడ్ రాజు' అని వేస్తారే, ఆ అలియాసే! ఒకటి ఇంకొకటిగా వేషం మార్చుకుని కనిపించడం. మన సినిమాల్లో హీరో బుగ్గమీద పుట్టుమచ్చ పెట్టుకుని వస్తే విలను గుర్తుపట్టలేనట్టే, చాలినన్ని చోట్ల చూడకపోతే కంప్యూటరూ మోసపోతుంది.

సరే, మెట్లంటే ఇంత రభస ఎందుకు, కొంచెం గరుగ్గా ఉంటే కొంప మునిగిపోయిందా అని మీరడగొచ్చు. నేనూ అడిగాను. బొమ్మ కదలకపోతే మునగదు. కదిలితేనే అసలు గొడవ. ఆటలో ఒక స్కూలు ఆవరణ, చుట్టూ జాలీ కంచె. అల్లంత దూరాన ఆ తీగ గడికంటే సన్నగా ఉంటుంది. కంప్యూటర్ ఒక్కో గడిలో ఒక్క చోటే, సరిగ్గా మధ్యలోనే చూస్తుంది. ఈసారి తీగ అక్కడ తగిలింది, వేసింది. ఆటగాడు అంగుళం జరిగాడు, ఈసారి తగల్లేదు, తీసేసింది. మళ్ళీ తగిలింది, మళ్ళీ వేసింది. సెకనుకి 60 బొమ్మలు! కంచె మొత్తం చీమలు పట్టినట్టు మిలమిల్లాడిపోతుంది. విలన్ వెనకనుంచి వస్తున్నా ఆటగాడి కన్ను అటు పోదు, కంచె మీదే ఉంటుంది.

మందు తెలిసిందే: ఒక్కచోట కాకుండా ఎక్కువచోట్ల చూసి, సగటు తియ్యి. కానీ లెక్క వెయ్యండి. మామూలు తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 గళ్ళు. మొత్తం 20,73,600. సెకనుకి 60 సార్లంటే 12 కోట్ల 44 లక్షలు. ఒక్కో గడినీ నాలుగు చోట్ల చూడమంటే దాదాపు 50 కోట్లు! యానిమేషన్ సినిమావాళ్ళకి బాధలేదు. ఒక్క ఫ్రేముకి గంటలు పట్టినా, నిర్మాత ఓపికపడితే చాలు. ఆటలో ఓపికపట్టేవాడు లేడు. ఆటగాడు బటన్ నొక్కాక సెకనులో అరవయ్యో వంతులో బొమ్మ వచ్చి తీరాలి.

ఇక్కడే మనం నిలబడ్డ ఇంటి గొప్ప. సిలికాన్ గ్రాఫిక్స్ వాళ్ళు 1992లో 'రియాలిటీ ఇంజన్' అనే యంత్రం తెచ్చారు. దాంట్లో ఒక కిటుకు పెట్టారు. గడిలో 4, 8, 16 చోట్ల చూసేది ఆకారం ఎంతవరకు వచ్చిందని మాత్రమే. రంగు లెక్క మాత్రం ఒక్కసారే. ఖర్చు తగ్గింది, అంచు నున్ననయింది. అది కొనాలంటే అప్పట్లో ఆస్తులమ్ముకోవాలి. ఇవాళ మన జేబులోని ఫోనులో అదే కిటుకు ఉంది. 1996లో నింటెండో 64 అనే ఆటపెట్టెకి లోపలి బొమ్మల చిప్పుని రూపొందించిందీ ఈ కంపెనీయే. అందులోనూ అంచులు నునుపుచేసే ఏర్పాటు పెట్టారు. బొమ్మ మరీ మసగ్గా ఉందని తిట్టినవాళ్ళున్నారు. అదే కాలపు ప్లేస్టేషన్‌లో ఆ ఏర్పాటు లేదు, అంచులు రంపం పళ్ళలా ఉండేవి. దాన్ని ఇష్టపడినవాళ్ళూ ఉన్నారు!

"నువ్వు ఏ పార్టీ?" అన్నాను.

"నేను చిన్నప్పుడు ఆడింది విజయవాడలో కాసెట్ వేసే టీవీ గేమ్ మావయ్యా. మెట్లు ఉంటాయనే నాకు తెలీదు. అన్నీ మెట్లే కదా!"

మ్యూజియం చూడటం ముగించి, కాఫీ కొనుక్కుని బయట బెంచీ మీద కూచున్నాం. రథచక్రం సంగతి అడిగింది అక్కడే. వాడు కాఫీ కప్పు మూతమీద గోటితో ఎనిమిది ఆకులు గీశాడు. సినిమా కెమెరా సెకనుకి 24 సార్లే చూస్తుంది. రెండు చూపుల మధ్యా చక్రం సరిగ్గా ఎనిమిదో వంతు తిరిగిందనుకోండి, ఒక ఆకు స్థానంలోకి ఇంకో ఆకు వచ్చి కూచుంటుంది. చక్రం ఆగిపోయినట్టే ఉంటుంది. ఎనిమిదో వంతుకి కాస్త తక్కువ తిరిగితే? ప్రతి ఆకూ కొంచెం వెనకపడినట్టు కనిపిస్తుంది. కంటికి చక్రం వెనక్కి పోతుంది. కంచె విషయంలో చాలినన్ని చోట్ల చూడలేదు, రథం విషయంలో చాలినన్ని సార్లు చూడలేదు. జబ్బు ఒక్కటే! ఇన్నేళ్ళకి నా రివర్సు గేరు చిక్కు విడిపోయింది.

సినిమావాళ్ళూ ఈ జబ్బుతో కుస్తీపట్టారు. ఇక్కడికి ఉత్తరాన గోల్డెన్‌గేట్ వంతెన దాటితే శాన్ రఫేల్. అక్కడ 1980లలో లూకస్‌ఫిల్మ్ కంప్యూటర్ విభాగం ఉండేది. అదే 1986లో పిక్సార్ అయింది. రాబర్ట్ కుక్, ఆయన సహచరులూ ఒక చిత్రమైన ఉపాయం పట్టారు: గడిలో వరసగా చూడకుండా, చిందరవందరగా చల్లినట్టు చూడటం. అప్పుడు తప్పు జరిగినా చారలుగా కనపడదు, సన్నటి ఇసుకలా చెదిరిపోతుంది. మన కంటి వెనక తెరలో కూడా మధ్యభాగం దాటాక చూపు కణాలు చెల్లాచెదురుగానే ఉంటాయని 1983లో కోతి కన్ను మీద చేసిన పరిశోధనలో తేలింది. దేవుడు ముందే కనిపెట్టేశాడన్నమాట. అసలు మన పాత ఫిల్ములో వెండి రేణువులు కూడా చెల్లాచెదురే కదా, అందుకే అక్కడ మెట్లు లేవు! కుక్, లోరెన్ కార్పెంటర్, ఎడ్ క్యాట్మల్‌లకు ఈ బొమ్మల విద్యకుగాను 2001లో ఆస్కార్ ఇచ్చారు.

మావాడి జట్టుకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. వాళ్ళు వాడిన పద్ధతి 2014 తరవాత ఆటల్లో బాగా పాకింది. ఎపిక్ కంపెనీలో బ్రయన్ కారిస్ ఆ ఏడాది దాని గురించి వివరంగా చెప్పారు. ఒక్క బొమ్మలోనే పదిచోట్ల చూసే స్తోమత లేనప్పుడు, ప్రతి బొమ్మకీ చూసేచోటుని వెంట్రుకవాసి జరిపి, పాత బొమ్మలతో కలపడం. ఎదురింటి అరుగు మీద ఏం జరుగుతోందో తెలియాలంటే ఒక్కసారి తేరిపార చూడక్కర్లేదు, వచ్చేపోయేటప్పుడు పదిసార్లు ఓరకంట చూస్తే చాలదూ! కంచె కుదురుకుంటుంది. కానీ కొత్త బాధ. ఏ పిట్టో ఎగిరిందనుకోండి, అది పాత బొమ్మలో ఉన్నచోట దాని నీడ కాసేపు వేలాడుతుంది. వీళ్ళ భాషలో దాన్ని దెయ్యం అనే అంటారు.

"తొమ్మిదేళ్ళలో విఠలాచార్య గారికంటే ఎక్కువ దెయ్యాల్ని చూశాను," అన్నాడు మావాడు.

దెయ్యాన్ని తరిమితే మిలమిల తిరిగొస్తుంది. మిలమిలని అణిస్తే బొమ్మంతా మసకబారుతుంది. హీరోయిన్ క్లోజప్పుకి లెన్సు ముందు పల్చటి గుడ్డ కట్టినట్టు. ఈ మసక భరించలేక ఆ సౌకర్యాన్నే ఆపేసుకుని, మెట్లతోనే ఆడుకునేవాళ్ళున్నారు. నాకూ వాళ్ళ పక్షమే న్యాయమనిపించింది గానీ, ఎదురుగా ఉన్నవాడి మొహం చూసి ఊరుకున్నాను.

ఆ స్కూలు కంచె మీద వాడు మూడు నెలలు కూచున్నాడట. ఆట విడుదలయ్యాక కథ బాగుందన్నారు, పాటలు బాగాలేవన్నారు. కంచె గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

"బాధపడ్డావా?"

"లేదు మావయ్యా. ఎవడైనా కంచె గురించి రాస్తే అప్పుడు బాధపడాలి."

మన దగ్గర ఫోకస్ తిప్పే అసిస్టెంటు గుర్తొచ్చాడు నాకు. వాడి పని సరిగ్గా ఉన్నంతకాలం వాడెవరో ఎవరికీ తెలియదు.

ఇక్కడికి దగ్గర్లోనే శాంటాక్లారాలో ఎన్‌విడియా ఉంది. వాళ్ళు 2018లో తెచ్చిన డీఎల్‌ఎస్‌ఎస్ అనే పద్ధతిలో, లక్షల బొమ్మలు చూసి నేర్చుకున్న యంత్రమే ఏ గడిలో ఏముండాలో తేలుస్తుంది. మావాడు నెలల తరబడి చేత్తో సరిచేసిన పనుల్లో కొన్ని అది ఇట్టే చేసేస్తుంది.

"నీ ఉద్యోగం దానివల్లే పోయిందా?" అడగకూడదని తెలిసీ అడిగేశాను.

వాడు కప్పు మూత తీసి, పెట్టి, "పూర్తిగా అని చెప్పలేను. దానికి కూడా కంచెలు అప్పుడప్పుడు అందవు. ఎవడో ఒకడు కూచుని చూడాలి. ఆ ఎవడో నేనవుతానా కానా అనేదే సంగతి," అన్నాడు.

సాయంత్రం ఐదయింది. అంటే మనకి తెల్లవారి ఐదున్నర. అక్కయ్య లేచే వేళ. కార్లో కూచోగానే వీడియో ఫోను మోగింది. అక్కయ్య వంటింట్లో నిలబడి ఉంది, సన్నగళ్ళ మంగళగిరి చీర. ఆ గళ్ళు ఫోనులో మెలికలు తిరిగిపోతున్నాయి, చీరమీద వానపాములు పాకుతున్నట్టు! నేనూ వాడూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వాం.

"ఏమిట్రా ఆ నవ్వు? నా మొహాన ఏముంది?"

"మొహాన కాదమ్మా, చీరన. కాస్త ఫోను దగ్గరికి రా," అన్నాడు వాడు. అక్కయ్య దగ్గరికొచ్చింది. గళ్ళు పెద్దవయ్యాయి, మెలికలు పోయాయి.

"ఇంతకీ వాడి పనేమిటో తెలిసిందా?" అంది నాతో.

"తెలిసింది. ఇప్పుడు నీ చీర మిలమిల్లాడింది చూడు. అలా ఆడకుండా ఆపడం."

అక్కయ్య చీరకేసి చూసుకుంది. "మరి అది చిన్న పనా? నేయించినవాడి కష్టమంతా కనపడకుండా పోదూ లేకపోతే!" అంది. తరవాత ఒక్క క్షణం ఆగి, "వాడి మొహం అలా ఉందేం?" అంది.

నేను సమాధానం వెతుక్కుంటుంటే, మావాడు నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"అమ్మా, ఒక సంగతి చెప్పాలి. స్టవ్ ఆపి కూచో."

నేను తలుపు తీసుకుని కారు దిగి, అవతల చెట్టుకిందికి నడిచాను.